ముంబయి మారథాన్ 3:58:46, ఐదేళ్ల తర్వాత నాలుగు గంటల లోపు

గండిపేట గాలి (హైదరాబాద్)
22 జనవరి 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పొద్దున్నే ముంబయి నుంచి ఇల్లు చేరాను. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి దిగాల్సి వస్తోంది, మనసు మాత్రం ఇంకా ఆజాద్ మైదాన్ దగ్గరే ఉంది. నిన్నటి టాటా ముంబయి మారథాన్‌లో నా టైమ్ 3:58:46. నా పర్సనల్ బెస్ట్. రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఈ ఫోరమ్‌లో పాతవాళ్లకి నా సంగతి తెలుసు. 2019 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ 5:12. 2022లో అదే రేసు 4:41. పోయినేడు జనవరిలో ముంబయి 4:19:52. ఈసారి దాని మీద 21 నిమిషాల 6 సెకన్లు తగ్గాయి. ఆ నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుదామనే ఈ పోస్టు.

రాత్రి హోటల్ రూములో నిద్ర పట్టక రెండేళ్ల స్ప్లిట్స్ (ఏ భాగానికి ఎంత టైమ్ పట్టిందో ఆ లెక్క) పక్కపక్కన రాసుకున్నాను. పోయినేడు మొదటి సగం 1:58:00, రెండో సగం 2:21:52. ఈ ఏడు మొదటి సగం 1:59:10, రెండో సగం 1:59:36. అంటే సగం దూరం దగ్గర నేను పోయినేటి కన్నా నిమిషం పైన వెనకబడే ఉన్నాను! వేగం పెరగలేదు. పడిపోకుండా ఉన్నానంతే. 21 నిమిషాలూ రెండో సగంలోనే దొరికాయి.

రేసు సంగతి చెప్తాను. తెల్లవారుజామున ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ ముందు చీకట్లో నిలబడ్డప్పుడు ఒకటే అనుకున్నాను, మొదటి పది కిలోమీటర్లలో ఎవరు దాటిపోయినా పోనివ్వాలి అని. మెరైన్ డ్రైవ్ మీద వందల మంది దాటేశారు. ఊపిరి ముక్కుతోనే తీసుకోగలుగుతున్నానా లేదా అన్నదొక్కటే చూసుకున్నాను. పెడ్డర్ రోడ్ మొదటిసారి ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేశాను, వాచీ చూడలేదు. బాంద్రా-వర్లీ సీ లింక్ మీదికి వచ్చేసరికి ఇంకా చీకటే. అక్కడ చప్పట్లు కొట్టే జనం ఉండరు, బ్యాండు మేళాలు ఉండవు. వేల షూల చప్పుడు, కింద సముద్రం, కేబుళ్ల మీద దీపాలు. ఐదేళ్లలో నేను పరిగెత్తిన దారులన్నిట్లో నాకు అత్యంత ఇష్టమైన ఆరు కిలోమీటర్లు అవి.

మాహిమ్, శివాజీ పార్క్ దాటేసరికి తెల్లవారింది. వర్లీ డెయిరీ దగ్గరికి వచ్చేసరికి గుండె దడదడలాడింది. పోయినేడు కుడి పిక్క పట్టేసింది సరిగ్గా అక్కడే. ఫుట్‌పాత్ అంచు మీద కూర్చుని ఏడ్చాను ఆ రోజు. ఈసారి ఆ అంచుని చూస్తూనే దాటాను. పిక్క ఏమీ అనలేదు.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో పెడ్డర్ రోడ్. 35 దాటాక వస్తుంది ఆ ఎక్కుడు. ఎటు చూసినా నడుస్తున్నవాళ్లే. ఎక్కుడు మధ్యలో ఒక పెద్దావిడ, నైటీ మీద స్వెటర్ వేసుకుని, స్టీలు పళ్ళెంలో నారింజ తొనలు పట్టుకుని నిలబడి ఉన్నారు. తొనల మీద ఉప్పు చల్లి ఉంది. ఒకటి తీసుకున్నాను. ఆవిడ నా చేయి వదలకుండా ఇంకోటి పెట్టి, "జా బేటా" అన్నారు. ఆ ఉప్పు, పులుపు నాలుక మీద తగిలాక ఎక్కుడు అయిపోయేదాకా నాకు ఇంకేదీ గుర్తు లేదు. ఆ కిలోమీటరు 6:02. మిగతావన్నీ 5:30 నుంచి 5:50 మధ్యే.

చివర్లో మెరైన్ డ్రైవ్ వంపు మళ్ళీ వచ్చింది. అదెంత పొడుగో తెలిసినవాళ్లకే తెలుసు. 41 దగ్గర వాచీ చూసుకుంటే చేతిలో నిమిషం పైనే ఉంది. అప్పుడు మాత్రం వేగాన్ని ఆపుకోలేదు.

మా ఆవిడ ఫినిష్ బయట నిలబడి ఉంది. నాలుగు నెలలు ప్రతి శనివారం రాత్రి తొమ్మిదికే లైట్లు ఆర్పేసిన మనిషి ఆవిడ. మెడల్ ముందు ఆమె మెడలోనే వేశాను.

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం)
22 జనవరి 2024, రాత్రి 10:05

అన్నయ్యా!!! పోయినేడు వర్లీ గురించి మీరు రాసిన పోస్టు చదివి నేను ఆ రోజు పరుగుకి వెళ్లలేకపోయాను. ఈ పోస్టు చదివి ఇప్పుడే షూ గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. వదినగారికి నా నమస్కారాలు చెప్పండి, మెడల్ ఆవిడదే.

ట్రైనింగ్ వివరంగా రాయరా? వారానికి ఎన్ని కిలోమీటర్లు, లాంగ్ రన్ ఎంత స్పీడుతో, దారిలో ఏం తిన్నారు, అన్నీ కావాలి.

బెజవాడ బాబాయ్ (విజయవాడ)
23 జనవరి 2024, ఉదయం 5:10

శభాష్ నాయనా. నాకు 61 ఏళ్లు, నా బెస్ట్ 4:52. నాలుగు గంటల లోపు నాకు ఈ జన్మకి రాదు, అయినా నీ అంకెలు చూస్తుంటే నేనే పరిగెత్తినట్టుంది. రెండు సగాలకీ తేడా 26 సెకన్లంటే, అదీ పెడ్డర్ రోడ్ ఎక్కి, మాటలు కాదు.

మొన్న ఆదివారం మనవాళ్లకి మంచి రోజు. అదే ముంబయిలో భారతీయ పురుషుల్లో మొదటివాడు శ్రీను బుగత, 2:17:29. విజయనగరం జిల్లా కుర్రాడు, ఆర్మీ. 2020లోనూ అక్కడ మనవాళ్లలో అతనే ఫస్టు. అదే రోజు హాంకాంగ్‌లో ఏషియన్ మారథాన్ ఛాంపియన్‌షిప్‌లో మాన్ సింగ్ 2:14:19తో బంగారం తెచ్చాడు, అతనికీ అది పర్సనల్ బెస్టే. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ పరిగెత్తిన 2:12:00 జాతీయ రికార్డు మాత్రం ఇంకా అలాగే ఉంది. అప్పుడు నేను కాలేజీలో చదువుకుంటున్నాను. నా కళ్లతో ఆ రికార్డు పోవడం చూడాలని ఉంది.

బ్యారేజీ మీదికి బయల్దేరుతున్నా. వచ్చాక చదువుతా.

గండిపేట గాలి (హైదరాబాద్)
23 జనవరి 2024, మధ్యాహ్నం 1:30

బాబాయ్ గారూ, మీ ఆశీర్వాదం. శ్రీను సంగతి రేసు నంబర్లు ఇచ్చే ఎక్స్‌పోలో తెలుగువాళ్లం కలిసినప్పుడల్లా మాట్లాడుకున్నాం.

చెల్లీ, ట్రైనింగ్ ఇది. సెప్టెంబర్ 18న మొదలుపెట్టాను, రేసు రోజుకి సరిగ్గా 18 వారాలు. మొదటి వారం 40 కిలోమీటర్లు, డిసెంబర్ మధ్యలో అన్నిటికన్నా ఎక్కువ, 68. ప్రతి నాలుగో వారం తగ్గించాను. వారానికి ఐదు రోజులు పరుగు, ఒక రోజు కాళ్లకీ నడుముకీ బరువులు, ఒక రోజు ఏమీ లేదు. ఆ ఏమీ లేని రోజు నిజంగానే ఏమీ చేయలేదు.

పెద్ద మార్పు ఈజీ రన్‌లో. ఇంతకు ముందు నా ప్రతి పరుగూ కిలోమీటరుకి 6:00 నిమిషాల పేస్ అటూ ఇటూ ఉండేది. ఈజీకి మరీ ఎక్కువ, టెంపోకి (కాస్త కష్టపడి ఒకే వేగంతో చేసే పరుగు) మరీ తక్కువ. ఎప్పుడూ అలసిపోయే ఉండేవాణ్ణి, ఎప్పుడూ ఫాస్ట్‌గా లేను. ఈసారి ఈజీ అంటే 6:45 నుంచి 7:00. మొదటి మూడు వారాలు అదొక నరకం. నెక్లెస్ రోడ్ మీద వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్లు కూడా నన్ను దాటుతున్నారేమో అనిపించేది. ఐదో వారానికి అదే గుండె వేగం మీద 6:30 వస్తోంది. పదో వారానికి ఒళ్లు నొప్పులంటే మర్చిపోయాను.

గట్టి పరుగు వారంలో రెండే. బుధవారం టెంపో, ఆదివారం లాంగ్. ఆదివారాలు గండిపేట చెరువు వైపు, ఎక్కుళ్లు దిగుళ్లు ఉన్న రోడ్ల మీద. 32 కిలోమీటర్లు రెండుసార్లు, 35 ఒకసారి. ఆ 35లో చివరి పది రేస్ పేస్‌తో. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడతో "నాలుగు గంటలు అవుతుంది" అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట పైకి అనలేదు.

తిండి సంగతి సాయంత్రం రాస్తా, అది పెద్ద కథ.

కొత్త అడుగు (కరీంనగర్)
23 జనవరి 2024, మధ్యాహ్నం 2:15

నమస్తే అన్నా, నేను ఈ ఫోరమ్‌కి కొత్త. ఇప్పటిదాకా రెండు హాఫ్ మారథాన్‌లు చేసిన, బెస్ట్ 2:06. ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ చేద్దామనుకుంటున్న. ఒక్క డౌట్. స్లోగా ఉరికితే ఫాస్ట్ ఎట్లయితం? నాకు అస్సలు అర్థమైతలేదు. మా దోస్తులు రోజూ గట్టిగనే ఉరుకుతరు. ఇంకోటి, కార్బన్ ప్లేట్ షూ (సోల్ లోపల కార్బన్ పలక ఉండేది) కొనాల్నా? ఇరవై వేలు పెట్టుడంటే నాకు కష్టం.

కాలి కండరం (గుంటూరు)
23 జనవరి 2024, సాయంత్రం 6:20

గండిపేట గాలి గారికి అభినందనలు. నేను వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టుని, పరిగెత్తుతాను కూడా. తమ్ముడి ప్రశ్నకి నేను జవాబిస్తాను.

మన కాలేయంలో, కండరాల్లో కలిపి నిలవ ఉండే గ్లైకోజన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) సుమారు 400 నుంచి 500 గ్రాములు. అంటే దాదాపు 2,000 కేలరీలు. 70 కిలోల మనిషి పరిగెత్తితే కిలోమీటరుకి సుమారు 70 కేలరీలు ఖర్చవుతాయి, 42 కిలోమీటర్లకి 2,900 పైన. లెక్క కుదరట్లేదు కదా? మిగతాది కొవ్వు నుంచి రావాలి, లేదా దారిలో తినాలి. ఒంట్లో కొవ్వు అందరికీ సరిపడా ఉంది, కానీ అది నెమ్మదిగా కాలుతుంది. ఎంత గట్టిగా పరిగెత్తితే అంత ఎక్కువ గ్లైకోజన్ వాడుకుంటాం. నిలవ అడుగంటేది సాధారణంగా 30, 32 కిలోమీటర్ల దగ్గర. రన్నర్లు వాల్ అనేది అదే. వర్లీ దగ్గర పోయినేడు వచ్చింది చాలావరకు అదే.

నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది. కొవ్వుని వాడుకునే శక్తి పెరుగుతుంది. అప్పుడు అదే వేగానికి తక్కువ గ్లైకోజన్ చాలు. రోజూ గట్టిగా పరిగెత్తితే ఇంత దూరం చేయలేవు తమ్ముడూ, ముందు మోకాలో పిక్కో ఆపేస్తుంది. నా దగ్గరికి వచ్చే రన్నర్లలో ఎక్కువమంది ఇలా వచ్చినవాళ్లే.

షూ సంగతి: మొదటి మారథాన్‌కి కార్బన్ ప్లేట్ అవసరం లేదు. కాలికి సరిపోయే మామూలు షూ, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ, అంతే. సాయంత్రం పూట కొను, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి.

డల్లాస్ తెలుగు (టెక్సస్)
23 జనవరి 2024, రాత్రి 8:45

కంగ్రాట్స్ బ్రదర్! షూ విషయంలో మాత్రం నేను కాస్త విభేదిస్తాను. నాకు కార్బన్ షూ వల్ల కనీసం నాలుగైదు నిమిషాలు కలిసొచ్చాయి. మరుసటి రోజు పిక్కలు కూడా అంత నొప్పి లేవు. డబ్బు ఉంటే తప్పేం లేదు. మొదటి మారథాన్‌కి అక్కర్లేదన్నది మాత్రం ఒప్పుకుంటా.

ఒక ప్రశ్న. మీ వాచీలో ఎంత దూరం చూపించింది? నాలుగు గంటలకి కిలోమీటరు 5:41 అని అందరూ లెక్క వేసుకుంటారు, అక్కడే చాలామంది దెబ్బ తింటారు.

గండిపేట గాలి (హైదరాబాద్)
23 జనవరి 2024, రాత్రి 9:15

మంచి పాయింట్. నా వాచీలో 42.68, అసలు మారథాన్ దూరం 42.195 కన్నా దాదాపు అర కిలోమీటరు ఎక్కువ. పోయినేడు దీని వల్ల కూడా నష్టపోయాను. ఈసారి 5:37 టార్గెట్ పెట్టుకున్నా. కిలోమీటరు బోర్డు దగ్గర వాచీలో ల్యాప్ చేత్తో నొక్కాను, ఆటో ల్యాప్ ఆపేశాను. ఎన్నో బోర్డు దగ్గర ఎంత టైమ్ ఉండాలో మా పాప స్కెచ్ పెన్నుతో నా ముంజేతి మీద రాసింది. చెమటకి 25 తర్వాతవి చెరిగిపోయాయి, అప్పటికి నోటికొచ్చేశాయి.

డల్లాస్ తెలుగు (టెక్సస్)
23 జనవరి 2024, రాత్రి 9:50

అదీ పద్ధతి. కొత్తవాళ్ల కోసం రాస్తున్నా. సర్టిఫైడ్ కోర్సుని, అంటే అధికారికంగా ధ్రువీకరించిన రేసు దారిని, కొలిచేటప్పుడు మలుపుల దగ్గర అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిన కొలుస్తారు. దూరం తక్కువ రాకుండా కిలోమీటరుకి ఒక మీటరు చొప్పున కలుపుతారు కూడా. మనం జనంలో అటూ ఇటూ దాటుకుంటూ, నీళ్ల టేబుల్ వైపు వెళ్లి వస్తూ ఇంకో మూడు నాలుగు వందల మీటర్లు కలుపుకుంటాం. వాచీని తిట్టి లాభం లేదు. చికాగోలో, ఇంకొన్ని పెద్ద రేసుల్లో ఆ దగ్గరి దారిని రోడ్డు మీద నీలం గీత గీసి చూపిస్తారు. దాన్ని పట్టుకుని పరిగెత్తితేనే నాకు చికాగోలో పీబీ (పర్సనల్ బెస్ట్) వచ్చింది.

చికాగో అంటే గుర్తొచ్చింది. మీ రెండో సగం గురించి చదువుతుంటే కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ కళ్ల ముందు మెదిలాడు. పోయిన అక్టోబర్ 8న అక్కడ 2:00:35, ప్రపంచ రికార్డు. మొదటి సగం 60:48, రెండో సగం 59:47. అంతకు ముందు ఏప్రిల్లో లండన్‌లో 61:40, 59:45. అందరూ అలిసిపోయే చోట అతను మొదలుపెడతాడు. ఈ ఏప్రిల్లో రాటర్‌డామ్ మారథాన్‌లో రెండు గంటల లోపు ప్రయత్నిస్తాడట. ఆ రోజు సెలవు పెట్టేశాను.

గండిపేట గాలి (హైదరాబాద్)
24 జనవరి 2024, ఉదయం 7:05

తిండి సంగతి రాస్తానన్నా కదా.

పోయినేడు రేసు ముందు రాత్రి హోటల్లో బిర్యానీ తిన్నాను, మారథాన్ ముందు బాగా తినాలని ఎవరో అన్నారని. పొద్దున ఒక అరటిపండు. దారిలో రెండు జెల్స్ (శక్తి కోసం మింగే తియ్యటి పేస్టు ప్యాకెట్లు), అదీ బాగా నీరసం వచ్చాక. మొదటి గంటన్నర నీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. బాగానే ఉన్నానని అనుకున్నాను. బాగున్నప్పుడే తినాలన్న సంగతి తెలియడానికి నాకు ఐదేళ్లు పట్టింది.

ఈసారి రేసుకి మూడు రోజుల ముందు నుంచి అన్నం పెంచాను. పప్పు, కూరలు, ఆకుకూరలు, పీచు తగ్గించాను. తెల్లన్నం, పెరుగు, బంగాళదుంప, ఇడ్లీ. శనివారం మధ్యాహ్నమే పెద్ద భోజనం, రాత్రి ఏడింటికి కాస్త పెరుగన్నం. ఆదివారం తెల్లవారుజామున రెండున్నరకి లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న బ్రెడ్డు మీద తేనె, ఒక అరటిపండు, పల్చటి కాఫీ.

దారిలో ప్రతి 40 నిమిషాలకి ఒక జెల్, ఆకలి ఉన్నా లేకపోయినా. ఒక్కోదాంట్లో 25 గ్రాముల కార్బ్స్. మొత్తం ఐదు. వాచీలో అలారం పెట్టాను. 2:40కి నాలుగోది అసలు మింగుడు పడలేదు, నోట్లో పెట్టుకుని నీళ్ల టేబుల్ దాకా పోయి మింగాను. ఉప్పు క్యాప్సూల్స్ మూడు. ఇదంతా ప్రతి ఆదివారం లాంగ్ రన్‌లో చేసి చూసుకున్నదే. మొదటి రెండు ఆదివారాలు కడుపులో తిప్పింది, ఆరో ఆదివారానికి అలవాటు పడింది.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. 2022లో ఒక షాపులో నాకు అర సైజు తక్కువ షూ అంటగట్టారు, వాడగా వాడగా సాగుతాయని. సాగలేదు, రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి ఊడిపోయాయి. ఫిజియో గారు చెప్పిన బొటనవేలి ఖాళీ మాట ముందే తెలిసుంటే బాగుండేది.

బెజవాడ బాబాయ్ (విజయవాడ)
24 జనవరి 2024, ఉదయం 9:30

నాకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది. పరుగు మొదలైందే డాక్టర్ గారు నడవమన్నాక. కాబట్టి నాలాంటి వాళ్ల కోసం ఒక మాట. ఈ మూడు రోజులు అన్నం పెంచడం, జెల్స్, ఇవన్నీ చూసి మీరూ మొదలుపెట్టకండి. నేను మా డాక్టర్ గారి దగ్గర కూర్చుని, మందు ఏ పూట ఎంత, పరుగుకి ముందు, తర్వాత షుగర్ ఎంతుంది, అన్నీ నెలల తరబడి నోట్‌బుక్‌లో రాసి చూపించి, అప్పుడు నిర్ణయించుకున్నాను. నాకు పరుగులో షుగర్ పెరగడం కాదు, పడిపోవడమే భయం. జేబులో గ్లూకోజ్ లేకుండా గుమ్మం దాటను. బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు కాగితం) వెనక మా అబ్బాయి ఫోన్ నంబర్, వేసుకునే మందుల పేర్లు రాసి ఉంటాయి.

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం)
24 జనవరి 2024, ఉదయం 11:40

బాబాయ్ గారూ, ఇది చాలా అవసరమైన మాట.

నేను కూడా ఒకటి అడగాలి, ఆడవాళ్లు ఎవరూ ఇక్కడ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నా. నా బెస్ట్ 4:44. లాంగ్ రన్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు. నాలుగున్నరకి మొదలుపెడితేగానీ ఎండకి ముందు అయిపోదు. కానీ రుషికొండ దాటాక చీకట్లో ఒంటరిగా వెళ్లలేను. కుక్కలు ఒక భయం, బైకుల మీద స్లో చేసి పక్కనే వచ్చేవాళ్లు ఇంకో భయం. అందుకే ఆర్కే బీచ్ దగ్గరే అటూ ఇటూ ఆరు రౌండ్లు కొడతాను. మనసు చచ్చిపోతుంది. 30 కిలోమీటర్లు అలా చేయడం ఎంత కష్టమో మగవాళ్లకి అర్థం కాదు.

రెండోది, పోయిన రేసు రోజే నాకు పీరియడ్ మొదటి రోజు. పదహారు వారాల కష్టం ఒక్క రోజులో పోయిందని ఏడ్చాను. మీలో ఎవరైనా దీన్ని ఎలా దాటారు?

కాలి కండరం (గుంటూరు)
24 జనవరి 2024, మధ్యాహ్నం 3:10

చెల్లీ, మంచి పని చేశావు అడిగి. నా పీబీ వచ్చింది పీరియడ్ రెండో రోజున. దాంతో కష్టం లేదని కాదు, ఆ రోజుకీ ఒక ప్లాన్ ఉండాలని చెబుతున్నా. ట్రైనింగ్‌లో కనీసం రెండు లాంగ్ రన్‌లు ఆ రోజుల్లో కూడా చేసి చూసుకో. ఏ ప్యాడ్ లేదా కప్పుతో రాపిడి ఉండదో, కడుపు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. నొప్పి కోసం రేసు మధ్యలో ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మాత్రం వేసుకోకు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు కిడ్నీల మీద భారం పడుతుంది. ఇది మగవాళ్లకీ వర్తిస్తుంది.

ఇంకోటి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవ చెప్పే రక్తపరీక్ష) కూడా చూపించుకో. హిమోగ్లోబిన్ 12 ఉన్నా ఫెరిటిన్ అడుగున ఉన్న అమ్మాయిలని ఎంతమందినో చూశాను. ఎంత ట్రైనింగ్ చేసినా కాళ్లు కదలవు, తప్పంతా తమదే అనుకుంటారు. మాత్రలు మాత్రం రిపోర్టు చూసి డాక్టర్ చెబితేనే.

చీకటి సంగతికి నా దగ్గర మందు లేదు. గుంటూరులో మేం నలుగురం ఆడవాళ్లం కలిసి వెళ్తాం, పేస్ కలవకపోయినా సరే. ఫాస్ట్‌గా ఉన్నవాళ్లు ముందుకెళ్లి వెనక్కి తిరిగొస్తారు.

గండిపేట గాలి (హైదరాబాద్)
24 జనవరి 2024, రాత్రి 8:30

చెల్లీ, నేను నాలుగున్నరకి ఒంటరిగా గండిపేట వైపు వెళ్లొచ్చాను 17 ఆదివారాలు. ఒక్కసారి కూడా భయం గురించి ఆలోచించలేదు. నా ట్రైనింగ్ గురించి అంత రాసి, ఈ ఒక్క సౌకర్యం గురించి రాయలేదు. మీ పోస్టు చదివాకే అదొక సౌకర్యమని తెలిసింది. ఆర్కే బీచ్ మీద ఆరు రౌండ్లతో 4:44 అంటే అది నా 3:58 కన్నా తక్కువ పని కాదు.

విశాఖలో ఆదివారం లాంగ్ రన్ చేసేవాళ్లు ఈ ఫోరమ్‌లో ఇంకా ఉన్నారు. దయచేసి కింద రాయండి.

సింహాద్రి మెట్లు (విశాఖపట్నం)
25 జనవరి 2024, ఉదయం 6:00

ఉన్నాం. మేం ఐదుగురం, అందులో ఇద్దరు ఆడవాళ్లు. ఆదివారం 4:45కి ఆర్కే బీచ్ నుంచి బయల్దేరతాం, వెనక ఒక స్కూటీ మీద నీళ్లతో మా బావమరిది వస్తాడు. చెల్లెమ్మా, మెసేజ్ పెట్టాను చూడండి. మా పేస్ 7:00 పైనే.

కొత్త అడుగు (కరీంనగర్)
25 జనవరి 2024, రాత్రి 10:20

అక్కా, ఇయ్యాల 7:15 పేస్‌ల 10 కిలోమీటర్లు ఉరికిన. మాట్లాడుకుంట ఉరికిన. ఇంటికొచ్చినంక ఇంకో పది ఉరకచ్చు అనిపించింది. ఇట్ల ఎన్నడూ అనిపియ్యలే.

హైదరాబాద్ కోర్సు ఎట్లుంటది అన్నా? అక్కడ నాలుగున్నర గంటలు అయితదా?

గండిపేట గాలి (హైదరాబాద్)
26 జనవరి 2024, ఉదయం 8:00

తమ్ముడూ, హైదరాబాద్ ఫుల్ నెక్లెస్ రోడ్‌లో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో అయిపోతుంది. దారి పొడుగునా ఫ్లైఓవర్లు, ఎక్కుళ్లు. ఆగస్టు గాలిలో తేమ, చెమట ఆరదు. ముంబయిలో వచ్చిన టైమ్ అక్కడ రాదు. హాఫ్ 2:06 ఉన్నవాడికి చదునైన చోట 4:25, 4:30 సాధ్యమే గానీ హైదరాబాద్‌లో మొదటిసారి 4:50 అనుకుని మొదలుపెట్టు. నాకైతే మొదటి మారథాన్ అక్కడే చేయడం మంచిదైంది. గచ్చిబౌలి ఎక్కుళ్ల మీద కాళ్లు నేర్చుకున్నదే పెడ్డర్ రోడ్ మీద పనికొచ్చింది. మొదటి దానికి టైమ్ పెట్టుకోకు, 32 తర్వాత నడవకుండా ఉండటం ఒక్కటే పెట్టుకో. ఇంకోటి, నీళ్లు దొరికాయని ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసులకి గ్లాసులు తాగకు, ఒంట్లో సోడియం పడిపోతే అది డీహైడ్రేషన్ కన్నా ప్రమాదం.

డల్లాస్ తెలుగు (టెక్సస్)
12 ఫిబ్రవరి 2024, ఉదయం 6:40

ఈ థ్రెడ్‌లోనే రాయాలనిపించింది. కెల్విన్ కిప్టుమ్ ఇక లేడు. నిన్న రాత్రి కెన్యాలో కారు ప్రమాదం. కోచ్ గెర్వైస్ హకిజిమానా కూడా పోయారు. కిప్టుమ్‌కి 24 ఏళ్లు. పరిగెత్తినవి మూడే మారథాన్‌లు, మూడూ గెలిచాడు. రికార్డుని వారం కిందటే అధికారికంగా ఖాయం చేశారు.

వార్త చూసి ఇక్కడి వైట్ రాక్ లేక్ చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చాను. వాచీ పెట్టుకోలేదు.

బెజవాడ బాబాయ్ (విజయవాడ)
12 ఫిబ్రవరి 2024, సాయంత్రం 6:15

మా చిన్నబ్బాయి వయసు. పొద్దున్నుంచీ ఏదీ చేయబుద్ధి కాలేదు. రాటర్‌డామ్ చూద్దామని నేనూ ఎదురుచూస్తున్నా.

గండిపేట గాలి (హైదరాబాద్)
12 ఫిబ్రవరి 2024, రాత్రి 9:00

నా ముంజేతి మీద అంకెలు రాసిన స్కెచ్ పెన్నుతో మా పాప గోడ మీద 60:48, 59:47 రాసింది. ఎవరివని అది అడిగితే కిప్టుమ్ గురించి అప్పుడు చెప్పాను. ఇవాళ అతని సంగతి దానికి ఎలా చెప్పాలో తెలియలేదు.

బీచ్‌రోడ్డు (విశాఖపట్నం)
18 ఫిబ్రవరి 2024, ఉదయం 10:30

ఇవాళ ఆర్కే బీచ్ నుంచి భీమిలి చేరాను. మొదటిసారి. సింహాద్రి మెట్లు గారి గ్రూపుతో, ఆరుగురం. 40 నిమిషాలకొకటి జెల్, మధ్యలో రుషికొండ ఎక్కుడు దగ్గర ఉప్పు వేసిన నారింజ తొనలు, నేనే డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లాను, అందరికీ పంచాను. మంగమారిపేట దగ్గర తెల్లవారింది, అక్కడి సముద్రం ఆ వేళప్పుడు నేనెప్పుడూ చూడలేదు. చివరి ఐదు కిలోమీటర్లు మొదటి ఐదు కన్నా ఫాస్ట్‌గా వచ్చాయి.

ఫెరిటిన్ రిపోర్టు వచ్చింది అక్కా, 9 మాత్రమే ఉంది. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా.